తీతువు గుడ్లూ, మా సంఘం తీర్మానమూ

మా కాలనీ గాజువాక దాటాక కొండ వాలులో ఉంటుంది. ఆ కొండ మీంచి వాననీళ్ళు మోసుకొచ్చే వాగొకటి మా ఆఖరి వీధిని ఆనుకుని పారుతుంది. మాది గోదావరి వైపు. పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో నేను దాన్ని కాలవ అంటే, పక్కింటావిడ ఇది కాలవ కాదు, గెడ్డ అనాలని దిద్దింది. ఇరవై ఏళ్ళపాటు ఆ మాట తప్ప దాని గురించి నాకింకేమీ తెలీదు. వీధిలో అందరిలాగే నేనూ అప్పుడప్పుడూ అందులో చెత్త పడేసినదాన్నే. ఒక ఏడాది వానల్లో ఆ చెత్తంతా అడ్డంపడి, గెడ్డ దారి మళ్ళి మా ఇళ్ళలోకి వచ్చేసింది. మా వంటింట్లో ఖాళీ గ్యాస్ సిలిండరు తేలుతూ వచ్చి గడప దగ్గర ఆగింది. ఇల్లు కడుక్కున్నాక వీధి వాళ్ళమంతా కలిసి గెడ్డని కాపాడుకోడానికి ఒక సంఘం పెట్టుకున్నాం.

పెట్టుకున్నాం అంటున్నాను గానీ పెట్టింది మా అధ్యక్షుడే. ఆయన కృష్ణా జిల్లా మనిషి. పోర్టులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఏ ఓడ ఏ బెర్తులో ఆగాలో, ఎప్పుడు కదలాలో చూసే విభాగం. రిటైరయ్యాక ఆయన చెప్పినట్టు కదిలేవి ఇంట్లో ఏవీ లేకపోయాయి. సంఘం అనగానే వారం తిరక్కుండా నియమావళి రాసుకొచ్చారు. అందులో ముప్పై ఎనిమిది నిబంధనలున్నాయి. చాలామటుకు ఆయన ఒకప్పుడు సభ్యుడిగా ఉన్న ఏదో ఆటల క్లబ్బు నియమావళిలోంచి ఎత్తి రాసిందని నేను సాపు రాస్తున్నప్పుడు తెలిసింది. సభ్యులు ఆట దుస్తులతో సమావేశానికి రాకూడదని ఒక నిబంధన అలాగే ఉండిపోయింది. అది చూపిస్తే ఆయన కాసేపు ఆలోచించి, ఇప్పుడు తీసెయ్యాలంటే ప్రత్యేక సమావేశం పెట్టాలి, ఉండనివ్వండి, ఎవరికీ అపకారం లేదన్నారు.

సాపు రాసే పని నాకెందుకు వచ్చిందంటే, నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. చేతిరాత బాగుంటుంది. వరద నష్టాల జాబితా రాసిచ్చినప్పుడు ఆయన ఆ కాయితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, మీరే కార్యదర్శి అన్నారు. ఎన్నిక తరవాత జరిగింది. ఏకగ్రీవం.

కాయితం మీద మేం పాతికమందిమి. ఆదివారం పొద్దున్న ఆరున్నరకి పారా తట్టా పట్టుకుని వచ్చేది ఏడుగురమే. ఎనిమిదింటిదాకా గెడ్డలో ప్లాస్టిక్కు ఏరేవాళ్ళం. ఎనిమిది నుంచి పదిదాకా రేకుల షెడ్డు కింద సమావేశం. గంటన్నర పని, రెండు గంటల చర్చ. నేను మినిట్సు రాసేదాన్ని. పోట్లాట జరిగితే "విస్తృతంగా చర్చించడమైనది" అని రాయాలని అధ్యక్షుడి ఆజ్ఞ. ఎవరైనా అలిగి లేచి వెళ్ళిపోతే "అనివార్య కారణాల వల్ల నిష్క్రమించిరి". ఆ పుస్తకం చదివినవాళ్ళకి మా అంత పెద్దమనుషులు జిల్లాలోనే ఉండరనిపిస్తుంది.

ఉపాధ్యక్షుడికి ఆటోనగర్లో వెల్డింగు షాపుంది. ఆనందపురం దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. మగవాళ్ళెవరైనా ఆయనకి బావే, అధ్యక్షుడితో సహా. ఆ పిలుపు అధ్యక్షుడికి గిట్టేది కాదుగానీ నియమావళిలో దానికి నిషేధం లేదు. ఈయనకి ఇనప చువ్వలతో తీరని కష్టం లేదని గట్టి నమ్మకం. గెడ్డకి అడ్డంగా చెత్తని ఆపే జల్లెడ తలుపొకటి చేసి బిగించాడు. అది నిజంగానే పనిచేసింది. దాంతో ఆ నమ్మకం మరింత ముదిరింది.

రెండేళ్ళు అలా పనిచేసేసరికి గెడ్డ ఒడ్డున, పాత ఇళ్ళ శిథిలాలు పోసిన చోట, గులకరాళ్ళతో ఒక ఖాళీ నేల బయటపడింది. దాన్ని చూసి మా అందరికీ కళ్ళు నిండాయి. అక్కడ వంద మొక్కలు నాటాలని తీర్మానం చేశాం. జూన్ చివర్లో ఒక ఆదివారం ఖాయం చేసి, ఒక పెద్ద అధికారిని ముఖ్య అతిథిగా పిలిచాం. వస్తానన్నారాయన. ఉపాధ్యక్షుడు సంఘం పేరుతో ఇనప బోర్డు చేయిస్తానన్నాడు. ఆ తీర్మానం నేను ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను.

కార్యక్రమం ఇంకా పదిహేను రోజులుందనగా ఆదివారం గోతులు తవ్వడానికి వెళ్ళాం. అధ్యక్షుడు ముగ్గుపిండితో గీతలు గీయించుకుంటూ ముందు నడుస్తున్నారు. ఉన్నట్టుండి ఒక పిట్ట అరుచుకుంటూ వచ్చి ఆయన టోపీని రాసుకుంటూ పోయింది. తిరిగి వచ్చింది. మళ్ళీ పోయింది. పొడుగు పసుపు కాళ్ళు, కంటి ముందు ఎర్రటి మచ్చ, తీ తీ అని చెవులు తూట్లు పడే అరుపు. తీతువు. అది తల మీద తిరిగితే ఇంట్లో ఎవరో ఒకరికి మూడుతుందని ఉపాధ్యక్షుడు గునపం కింద పెట్టేశాడు. అధ్యక్షుడు టోపీ సర్దుకుని, ఎజెండాలో లేని విషయాలు వద్దన్నారు.

ఇంతలో ఆ పిట్ట నేలమీద పడి, ఒక రెక్క ఈడ్చుకుంటూ కుంటడం మొదలెట్టింది. నాకు ప్రాణం ఉసూరుమంది. రెక్క విరిగిపోయిందనుకున్నాను. ఉపాధ్యక్షుడు శకునం సంగతి మరిచిపోయి, మెడలో తువ్వాలు తీసి పట్టుకోడానికి వెళ్ళాడు. రెండడుగుల దూరంలో ఉండగా అది కుంటుకుంటూ నాలుగడుగులు పోయింది. నేను ఇటు నుంచి వెళ్ళాను. అటు పోయింది. మిగతావాళ్ళూ పారలు పడేసి చుట్టుముట్టారు. దాన్ని బెదరగొట్టద్దని ఒకరు, గట్టిగా అరవద్దని గట్టిగా అరుస్తూ ఇంకొకరు. అలా ఏడుగురం వంగి, చేతులు చాపుకుని, నేల ఈ చివర నుంచి ఆ చివరకి ఆ పిట్ట వెనకాల నడిచాం. అధ్యక్షుడు ఫోను తీసి పక్షుల వైద్యుడెవరైనా ఉన్నారా అని వాట్సాప్ గ్రూపులో అడిగారు. దానికి ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వు పంపారు. నేల చివరికి చేరేసరికి పిట్ట రెండు రెక్కలూ చాపి, శుభ్రంగా ఎగిరిపోయింది.

రోడ్డు మీద ఎవరో నవ్వుతున్నారు. చూస్తే మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ. ఊరు జాలరిపేట. హార్బరులో చేపలు ఎత్తుకుని షేరు ఆటోలో వచ్చి, మా కాలనీ మొదట్లో దిగి, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతుంది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. పదేళ్ళుగా ఆవిడ దగ్గరే కొంటున్నాను. ఎప్పుడూ అంతగా నవ్వగా చూడలేదు. పమిట కొంగుతో కళ్ళు తుడుచుకుని, అక్కణ్ణించే చెప్పింది.

"దానికేటీ అవనేదు టీచరమ్మా. గుడ్లెట్టింది. మిమ్మల్నందర్నీ దూరం లాక్కుపోనాది. ఎక్కడోళ్ళు అక్కడే ఉండిపోండి. అడుగేత్తే సితికిపోతాయి."

అందరం ఆగిపోయాం. ఉపాధ్యక్షుడు ఒక కాలు గాల్లో పెట్టుకుని, దాన్ని ఎక్కడ దించాలో తెలీక నా భుజం పట్టుకున్నాడు. ఆవిడ బుట్ట దించి, మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే వచ్చిన దారిన వెనక్కి రప్పించి, రోడ్డు పక్క గట్టు మీద వరసగా కూచోబెట్టింది. మాట్లాడద్దంది. మా సంఘం పుట్టాక పావుగంట నోరు విప్పకుండా కూచోడం అదే మొదలు. పిట్ట వచ్చింది. కొంచెం అటు తిరిగి, కొంచెం ఇటు తిరిగి, ఏమీ ఎరగనట్టు నడిచి ఒకచోట కూలబడింది. ఆవిడ వేలు చూపించిన చోటికి తరవాత నేనూ ఆవిడా వెళ్ళి చూశాం. రెండడుగుల దూరంలో నిలబడి కూడా నాకు కనబడలేదు. రాళ్ళ మధ్య నాలుగు రాళ్ళు. మట్టిరంగు మీద నల్ల మచ్చలు, మొనలు లోపలికి పెట్టుకుని. పక్కనే, జానెడు దూరంలో, అధ్యక్షుడి ముగ్గుగీత. ఇనప బోర్డుకి గొయ్యి తియ్యమని గుర్తు.

ఆ రోజు సమావేశం పదింటికి అవలేదు. గుడ్లని గంపలో పెట్టి కాస్త దూరంగా జరిపితే సరిపోతుంది కదా అన్నారు అధ్యక్షుడు. పోర్టులో అంతకంటే పెద్ద సరుకులే జరిపామన్నారు. జరిపితే తల్లి ఒగ్గేస్తాదని, మళ్ళీ వాటి దగ్గరికి రాదని బయట రోడ్డు మీంచే చేపలావిడ చెప్పింది. ఆవిడ సభ్యురాలు కాదు గనక ఆ మాట మినిట్సులో రాయద్దన్నారు. చివరికి తేలిందేమిటంటే, ఒకసారి చేసిన తీర్మానాన్ని మూడు నెలల లోపు మార్చాలంటే ప్రత్యేక సమావేశం పిలవాలి. వారం ముందు నోటీసు ఇవ్వాలి. కనీసం తొమ్మిదిమంది హాజరు కావాలి. ఎప్పుడూ ఏడుగురికి మించి రాని సంఘానికి తొమ్మిదిమంది నిబంధన ఎందుకు పెట్టారని అడిగాను. తీర్మానాలు అంత తేలిగ్గా మారకూడదనే పెట్టానన్నారాయన.

సోమవారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూ చూద్దునుకదా, గుడ్ల మీద ఒక బోను ఉంది. పులిని పెట్టొచ్చు అందులో. కుక్కలు రాకుండా ఉపాధ్యక్షుడు మధ్యాహ్నమే ఆటోనగర్ నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి దింపించాడట. చుట్టూ అంగుళం చువ్వలు, పైన రేకు, నాలుగు మూలలా ఎర్ర గుడ్డలు. పిట్ట వెళ్ళడానికి కింద చిన్న తలుపు కూడా పెట్టాడు, కీలుతో సహా. పిట్ట మాత్రం పది గజాల అవతల నిలబడి గొంతు చించుకుంటోంది. ఎండ ఇంకా తగ్గలేదు. గుడ్లు ఉత్తినే ఉన్నాయి.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. నేను ఏ పనీ తీర్మానం లేకుండా చేసినదాన్ని కాదు. అధ్యక్షుడికి ఫోన్ చేస్తే, బోను పెట్టడం అనధికారం, తియ్యడం కూడా అనధికారమే, ఆదివారం చర్చిద్దామన్నారు. ఆదివారందాకా గుడ్లుంటాయా అని అడిగాను. ఆ ప్రశ్న కూడా ఎజెండాలో చేర్చమన్నారు. ఇంటికెళ్ళి, నైట్ షిఫ్టుకి ముందు పడుకున్న మా ఆయన్ని లేపుకొచ్చాను. ఆయన స్టీలు ప్లాంటులో పనిచేస్తారు, ఇనుముతో అలవాటున్న మనిషే. ఇద్దరం చెరోవైపు పట్టి బోనుని ఎత్తలేక, చివరికి పక్కింటివాళ్ళని పిలిచి తీయించాం. ఉపాధ్యక్షుడికి ఫోన్ చేసి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "నాను సేసింది దానికి పనికిరానేదన్నమాట అక్కా" అన్నాడు. ఆ మాట విని నాకే బాధేసింది.

బోను తీశాక నేను గట్టు మీద కూచున్నాను. తల్లి వెంటనే గుడ్ల దగ్గరికి పోలేదు. ముందు గెడ్డలోకి దిగింది. పొట్ట మునిగేదాకా నీళ్ళలో కూచుని, ఈకలు తడుపుకుని, గబగబా నడిచి వచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూచుంది. మళ్ళీ లేచి వెళ్ళింది. మళ్ళీ తడుపుకుని వచ్చింది. వేడెక్కిన గుడ్లని చల్లారుస్తోందని నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. రెండేళ్ళుగా మేం ఆ గెడ్డలో సంచులు ఏరుతున్నాం. ఆ నీళ్ళు ఎవరికైనా ఒక పనికి వస్తుండగా నేను కళ్ళతో చూడడం అదే మొదటిసారి. పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చిన సంగతి కూడా మరిచిపోయాను. మాడింది.

ఆ ఆదివారం తేదీ వేసిన నోటీసు పట్టుకుని వారమంతా పాతిక ఇళ్ళూ తిరిగాను. ఒకాయన పిట్ట కోసం సమావేశమా అని నవ్వి, వస్తానన్నాడు, రాలేదు. ఒకావిడ తను సభ్యురాలినని నేను చెప్పేదాకా మరిచిపోయింది. సంతకం మాత్రం అందరూ పెట్టారు.

ఆదివారం ఎనిమిదింటికి లెక్కేస్తే ఎనిమిదిమందిమి. అందులో మా ఆయన ఒకరు. నైట్ షిఫ్టు దిగి తిన్నగా అక్కడికే వచ్చి, గోడకి జారబడి కూచున్నారు. అధ్యక్షుడు గడియారం బల్ల మీద పెట్టారు. అరగంట గడువు. ఎనిమిది ఇరవైకి కూడా ఎనిమిదిమందే. అప్పుడు ఉపాధ్యక్షుడు లేచి, చేపలావిడని సభ్యురాలిగా చేర్చుకుందామన్నాడు. ఆవిడ బయట గట్టు మీద బుట్ట పెట్టుకుని పిట్టని చూస్తోంది. అధ్యక్షుడు నియమావళి తిరగేశారు. పద్దెనిమిదేళ్ళు నిండి, గెడ్డ మేలు కోరే ఎవరినైనా ఇద్దరు సభ్యుల ప్రతిపాదనతో అప్పటికప్పుడు చేర్చుకోవచ్చు. కాలనీలో ఉండాలని ఎక్కడా లేదు. ఆ నిబంధన రాసింది తనే. రెండుసార్లు చదివి, మూసి, రమ్మనండి అన్నారు.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, నేను చూపించిన చోట సంతకం పెట్టి, కుర్చీలో కూచుంది. అధ్యక్షుడు వెంటనే ఓటింగు అన్నారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. జాలరిపేటలో వాళ్ళ ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఆవిడ పదేళ్ళుగా లీడరట. ఆ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలీదు.

"మా సంఘంలో అందరూ మాటాడేక గానీ సెయ్యెత్తనివ్వం బాబూ" అంది.

సరేనన్నారు. ఒక్కొక్కళ్ళూ మాట్లాడారు. బ్యాంకులో పనిచేసి మానేసినాయన మంచి మాటే అడిగాడు. వంద చెట్లు పెరిగితే వంద పిట్టలు గూళ్ళు కడతాయి, ఒక్క పిట్ట కోసం వంద పిట్టల గూళ్ళు ఆపేద్దామా అని. ఉపాధ్యక్షుడు తల గోక్కున్నాడు.

"తీతువు సెట్టెక్కదు బాబూ" అంది ఆవిడ. "దాన్నెప్పుడైనా కొమ్మ మీద సూసినారా? దానికి నేలే కావాల, ఇలా రాళ్ళున్న నేల. మీరు సెట్లేసేత్తే వంద పిట్టలొత్తాయి గానీ ఇది రాదు. ఇంతకీ మీరీ సంఘం ఎందుకెట్టినారో ఒకపాలి సదవండి."

అధ్యక్షుడు అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తీశారు. గెడ్డనూ, గెడ్డ ఒడ్డున బతికే సమస్త జీవరాశినీ కాపాడుట. చదివి ఆగారు.

తీర్మానం మార్చాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. నేను, ఉపాధ్యక్షుడు, చేపలావిడ, చివరింటి నర్సమ్మ. నలుగురం. మా ఆయన వైపు చూశాను. ఆయన గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. మోచేత్తో పొడిచాను. వద్దనేవాళ్ళు ఎత్తండి అని అధ్యక్షుడు అనడమూ, మా ఆయన ఉలిక్కిపడి చెయ్యెత్తడమూ ఒక్కసారే జరిగాయి. అటూ నలుగురు. ఒకసారి ఎత్తిన చెయ్యి దించడానికి నిబంధన లేదన్నారు అధ్యక్షుడు. సంగతేమిటో మా ఆయనకి ఇంటికెళ్ళాక తెలిసింది. ఆ రోజు భోజనం ఆయనే వండారు.

సరిసమానం వస్తే అధ్యక్షుడి ఓటు. ఆయనది ఎటో అందరికీ తెలుసు. అతిథికి మాటిచ్చింది ఆయనే. నేను కలం మూత పెట్టేశాను. ఆయన కుర్చీలోంచి లేచి, షెడ్డు అంచుదాకా వెళ్ళి, అటు నేల వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. తల్లి గుడ్ల మీద కూచునే ఉంది. దూరం నుంచి చూస్తే అదీ ఒక రాయిలాగే ఉంది.

"బెర్తులో సరుకు దించుతున్న ఓడని మధ్యలో లేపం" అన్నారు వెనక్కి తిరక్కుండానే. "వెనకాల ఎంత పెద్ద ఓడ వచ్చినా సరే. పని పూర్తయ్యేదాకా ఆ బెర్తు దానిదే. వచ్చినాయన బయట లంగరేసుకుని ఆగాల్సిందే."

ఆ మాటకి అర్థం మాకు వెంటనే తట్టలేదు. ఉపాధ్యక్షుడు మెల్లిగా, "అంటే మార్చినట్టేనా బావా" అని అడిగాడు. మార్చినట్టే అన్నారాయన. ఆయన్ని ఎవరైనా బావ అంటే మొహం చిట్లించకపోవడం నేను చూసింది ఆ రోజే. ఏమని రాయమంటారని నేనడగలేదు. ఆయన అన్న మాటలు అన్నట్టే రాశాను. ఆయన చదివి, ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం పెట్టారు.

ముఖ్య అతిథికి కార్యక్రమం వాయిదా పడిందని ఉత్తరం రాశాను. తీసుకెళ్ళి ఇచ్చే పని ఉపాధ్యక్షుడు తీసుకున్నాడు. అది ఆయన స్కూటరు డిక్కీలో ఉండిపోయిందని మాకు తెలిసింది పై ఆదివారం, అధికారి జీపు వచ్చి మా వీధి చివర ఆగినప్పుడు. గోతుల్లేవు, మొక్కల్లేవు, బోర్డు లేదు. అధ్యక్షుడు టోపీ లేకుండా ఉన్నారు. మేం చేతులు జోడించుకుని నిలబడ్డాం. ఉపాధ్యక్షుడు ఉత్తరం తీసి అప్పుడిచ్చాడు. అధికారి అక్కడే నిలబడి మొత్తం చదివారు. చదివాక, ఎక్కడా పిట్ట అని అడిగారు.

గట్టు మీద కూచోబెట్టి చూపించాం. ఆయనకి పిట్ట కనబడింది గానీ గుడ్లు కనబడలేదు. ఎవరికీ కనబడవు లెండి, అదే దాని తెలివి అని అధ్యక్షుడు ఆ తెలివి తనే నేర్పినట్టు చెప్పారు. వద్దని చెప్పడం మరిచిన దండ వచ్చి ఉంది గనక వేశాం. నాలుగు మాటలు మాట్లాడమన్నాం. ఆయన లేచి మొదటి మాట అనగానే పిట్ట అందుకుంది. ఆయన గొంతు తగ్గించారు. అది పెంచింది. చివరికి ఆయన గుసగుసగా ఏదో చెప్పారు, మేం చప్పట్లు కొట్టకుండా చేతులూపాం. ఉపన్యాసం ఏమిటో మాలో ఎవరికీ వినపడలేదు. పోతూ పోతూ ఆయన చాలా సంతోషంగా ఉన్నారు.

ఆ తరవాత కాపలా. అధ్యక్షుడు పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు చొప్పున డ్యూటీ పట్టిక వేసి, కుర్చీ, గొడుగు, ఒక రిజిస్టరు పెట్టించారు. చూసిందంతా టైముతో రాయాలి. ఆ రిజిస్టరు ఇప్పటికీ నా దగ్గరుంది. పిట్ట కూచుంది. పిట్ట లేచింది. పిట్ట గెడ్డకి వెళ్ళింది. పిట్ట కూచుంది. ఉపాధ్యక్షుడి పేజీలో మాత్రం కుక్క వచ్చింది, రాయి వెయ్యలేదు, నచ్చజెప్పి పంపేశాను అని ఉంటుంది. క్రికెట్ ఆడేవాళ్ళని కూడా ఆయనే నచ్చజెప్పి పంపాడు. మేకల్ని నర్సమ్మ చూసుకుంది. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు తగ్గి, గుడ్లెలా ఉన్నాయి అనే ప్రశ్నలు ఎక్కువయ్యాయి. సమావేశాలకి ఎన్నడూ రానివాళ్ళు కూడా గట్టు మీదికి వచ్చి కూచునేవారు.

గుడ్లు పిల్లలయ్యే రోజు దగ్గరపడిందని తెలిసి, ఆ క్షణాన్ని అందరూ చూసేలా కాపలా ఎలా మార్చాలి అన్న విషయం మీద ఆదివారం సమావేశం పెట్టాం. పద్నాలుగుమంది వచ్చారు, మా చరిత్రలో అంత హాజరు లేదు. డ్యూటీలు రెండు గంటలకొకటా, మూడు గంటలకొకటా అని పెద్ద వాదన. ఆ పూట డ్యూటీలో ఉన్న మనిషి కూడా ఆ సంగతి మరిచిపోయి వాదించడానికి షెడ్డులోకి వచ్చేశాడు. నేను విస్తృతంగా చర్చించడమైనది అని రాస్తూ ఉన్నాను.

చేపలావిడ ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. షెడ్డు గుమ్మంలో బుట్ట దించి, మా మాటలు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది.

"పిల్లలెల్లిపోనాయి" అంది.

అందరం ఒక్కసారి లేచాం. గుడ్లున్న చోట పెంకు ముక్కలు, కదలని గుడ్డు ఒకటి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళు కాసి, తీరా సమయానికి పంతాలకి పోతూ కూచున్నాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళి, గెడ్డ అంచున గడ్డి వైపు చూడమంది. ముందు తల్లి కనబడింది. తరవాత దాని కాళ్ళ దగ్గర, బూడిదరంగు దూది ఉండకి పుల్లలు గుచ్చినట్టు, ఒకటి. ఇంకొకటి. మూడోది రాళ్ళ మధ్య పడి, లేచి, మిగతావాటిని అందుకోడానికి పరిగెత్తింది. పుట్టి పూట కూడా కాలేదు, నీళ్ళ ఒడ్డున పురుగులు ఏరుకుంటున్నాయి. తల్లి ఒక్క కేక వేసింది. మూడూ ఎక్కడివక్కడ నేలకి కరుచుకున్నాయి. ఇక రాళ్ళు తప్ప ఏమీ లేవు.

పద్నాలుగుమందిమీ గట్టు మీద కూచుండిపోయాం. అవి లేస్తాయేమోనని చూస్తూ, ఎవరికి ఏది ముందు కనబడిందో గుసగుసలాడుకుంటూ. తవ్వని నేల అలాగే వదిలేసి, వానలు పట్టాక మొక్కలు అవతలి ఒడ్డున నాటుదామని అక్కడే అనుకున్నాం. కోరముంది గనక చెల్లుతుందన్నారు అధ్యక్షుడు. అప్పటికి ఎండ నెత్తిమీదికి వచ్చేసింది. చేపలావిడ గబుక్కున లేచి, చేపలు పాడైపోతాయి, ఇంకా రెండు వీధులు తిరగాలి, బుట్ట ఎత్తడానికి ఒక చెయ్యి వెయ్యమంది. ఆవిడకి దగ్గరగా ఉన్నది అధ్యక్షుడు. ఆయన ఇంట్లో ఉల్లిపాయ కూడా వండరు. ఒక్క క్షణం బుట్ట వంక చూశారు, మా వంక చూశారు. తరవాత వంగి, రెండు చేతులా పట్టి, జాగ్రత్తగా ఎత్తి ఆవిడ నెత్తిన పెట్టారు. కుదిరిందా అని అడిగారు. కుదిరింది బాబూ, ఒగ్గీండి అంది ఆవిడ. ఆయన వదిలారు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసి, రెండు చేతులూ ఒంటికి దూరంగా చాపి పట్టుకుని, ఇంటి వైపు నడిచారు.